యాడ్‌కు పెట్టిన డబ్బు వెనక్కి రావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర పల్లె. ఆఫీసు నెల్లూరు టౌనులో. నేనూ మా బావమరిదీ కలిసి రొయ్యల ఫీడ్ షాపులకు, ఎరువుల షాపులకు ఒక సాఫ్ట్‌వేర్ చేశాం. ఏ రైతు ఏ గుంటకు ఎన్ని బస్తాల మేత అరువు తీసుకెళ్లాడు, మందులకు ఎంతయింది, పట్టుబడి అయ్యాక (రొయ్యలు పట్టి అమ్మాక) ఎంత జమ చేశాడు, ఇంకా బాకీ ఎంత, అన్నీ అందులో కనపడతాయి. మొదటి ఏడాది 6,000 రూపాయలు, తర్వాత ఏటా 1,500. ఇప్పటికి 310 షాపులు వాడుతున్నాయి. 2021లో గూగుల్ యాడ్ మొదలుపెట్టినప్పుడు నెలకు 18,000 పెడితే క్లిక్ 12 రూపాయల లెక్కన 1,500 క్లిక్కులు వచ్చేవి. 60 మంది ట్రయల్ వేసుకునేవాళ్లు, 12 మంది కొనేవాళ్లు. ఇప్పుడు అదే 18,000కి క్లిక్ 31 పడి 580 వస్తున్నాయి. ట్రయల్ 14 మంది, కొనేది ఇద్దరు. యాడ్‌లో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఒక ఏజెన్సీ వాళ్లు నెలకు 50,000 పెడితేగానీ లాభం రాదంటున్నారు, ఆ ఖర్చులో 15 శాతం వాళ్ల ఫీజు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెడితే ఆ డబ్బు వస్తుంది. మా బావమరిదేమో ధర సగానికి తగ్గిద్దామంటున్నాడు. జనం ఏ మాటలు వెతికి మా యాడ్ నొక్కారో ఆ షీటు కూడా పంపుతున్నాను. ఏం చేయమంటారు? (పేరు రాయొద్దు)

జవాబు: ముందు గాజుల సంగతి. వాటిని బీరువాలోంచి తీయకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ఈ వారంలోనే జరిగిపోయేట్టుంది కాబట్టి మొదటే చెబుతున్నాను. ఒక అమ్మకానికి 9,000 ఖర్చు పెట్టి 6,000 తెచ్చుకుంటున్న చోట 18,000 బదులు 50,000 పోస్తే నష్టమే మూడింతలవుతుంది. బడ్జెట్ పెంచితే, ఎవరు కొంటారో గూగుల్ మిషన్ నేర్చుకుంటుంది అని ఏజెన్సీ వాళ్లు చెప్పి ఉంటారు. రోజుకు పదుల కొద్దీ అమ్మకాలు జరిగే పెద్ద ఖాతాల్లో ఆ మాటలో కొంత నిజముంది. నెలకు ఇద్దరు కొనే ఖాతాలో అది ఎవరిని చూసి నేర్చుకుంటుంది? పైగా ఖర్చు మీద శాతం తీసుకునే మనిషికి ఖర్చు తగ్గించే పని అప్పజెప్పకూడదు. వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. మీ ఖర్చు తగ్గితే వాళ్ల కూలి తగ్గుతుంది, అంతే.

మీరు అంకెలు విడమరిచి రాశారు, చాలా మేలు చేశారు. ఈ విషయం మీద నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం 'యాడ్ పనిచేయడం లేదు' దగ్గరే ఆగిపోతాయి.

2021లో ఒక అమ్మకానికి మీకు 1,500 పడింది. ఇప్పుడు 9,000. ఆరు రెట్లు. కానీ క్లిక్ రేటు 12 నుంచి 31కి పోయింది, అది రెండున్నర రెట్ల పైన కొంచెం. మరి మిగతాది? అప్పట్లో వచ్చిన నూరుమందిలో నలుగురు ట్రయల్ వేసుకునేవాళ్లు, ఇప్పుడు ఇద్దరున్నర. ట్రయల్ వేసుకున్న ఐదుగురిలో ఒకరు కొనేవాళ్లు, ఇప్పుడు ఏడుగురిలో ఒకరు. అంటే మీకున్నవి రెండు జబ్బులు. రేటు పెరిగింది, వచ్చే సరుకూ పలచబడింది. రెండిటికీ కారణాలు వేరు, మందులూ వేరు. అందరూ మొదటిదాని గురించే బాధపడతారు. మీ చేతిలో ఉన్నది రెండోది.

మొదటిదే ముందు చూద్దాం. నాది ఒంగోలు, పొగాకు వేలం చూస్తూ పెరిగాను. 1985 నుంచి మన దగ్గర వర్జీనియా రకం పొగాకును పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లోనే అమ్ముతున్నారు. రైతు బేళ్లు, అంటే పొగాకు కట్టలు, వరసగా పెట్టుకుని పక్కన నిలబడతాడు. కొనేవాళ్లు ఎక్కువమంది వచ్చిన రోజు రేటు లేస్తుంది. రాని రోజు బేలుకు 'నో బిడ్' పడుతుంది, ఇంటికి తోలుకుపోవాల్సిందే. అందుకే రైతు కళ్లు తలుపు మీదే ఉంటాయి, ఇంకో కంపెనీ బయ్యరు వస్తాడేమోనని. గూగుల్ యాడ్ కూడా వేలమే. ఎవరైనా 'ఫీడ్ షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్' అని వెతికిన ప్రతిసారీ ఆ అర సెకనులో ఒక వేలం జరిగిపోతుంది. కాకపోతే అక్కడ బేళ్లు పెట్టుకుని నిలబడ్డది గూగుల్, మీరు కొనేవాళ్లలో ఒకరు. తలుపు తోసుకుని వచ్చే ప్రతి కొత్త మనిషీ మీకు ఖర్చు.

ఈ పద్ధతి గూగుల్ కనిపెట్టింది కాదు. 1998లో గోటూ అనే అమెరికా కంపెనీ వెతుకుడు మాటలను వేలం వేసి, నొక్కినప్పుడే డబ్బు తీసుకోవడం మొదలుపెట్టింది. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ తెచ్చి, 2002లో దాన్ని ఈ వేలం పద్ధతికి మార్చింది. అందులో ఒక మెలిక పెట్టింది. మీరు 40 రూపాయల దాకా ఇస్తానని చెప్పినా 40 తీసుకోదు. మీ కింద ఉన్నవాడిని దాటడానికి ఎంత కావాలో లెక్కగట్టి అంతే తీసుకుంటుంది. యాడ్ బాగుండి జనం ఎక్కువగా నొక్కుతుంటే కొంత తగ్గింపు కూడా దొరుకుతుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ దానర్థం ఏమిటంటే మీ క్లిక్ రేటు నిర్ణయించేది మీ కింద నిలబడ్డవాడు. 'ఒక్క అక్షరం మార్చలేదు' అన్నారు. నిజమే అయ్యుంటుంది. పక్కవాడు మార్చాడు.

ఇప్పుడు ఉత్తరంలో మీరు వేయని లెక్క ఒకటి వేద్దాం. 6,000లో మీకు మిగిలేదెంత? ఇన్‌స్టాల్ చేయడానికి విడవలూరుకో అల్లూరుకో వెళ్లిరావాలి, పాత ఖాతా పుస్తకాలు ఎక్కించాలి, మొదటి మూడు నెలలు పొద్దున్నే ఫోన్లు ఎత్తాలి. తక్కువ వేసినా 2,000. మిగిలేది 4,000. 2021లో 125 క్లిక్కులకు ఒక అమ్మకం. 4,000ను 125తో భాగిస్తే 32. అంటే ఆ రోజుల్లో మీలాంటి వ్యాపారి నష్టపోకుండా ఒక క్లిక్కుకు ఇవ్వగలిగిన గరిష్ఠ ధర 32 రూపాయలు. ఇప్పుడు నడుస్తున్న రేటు ఎంత? 31.

ఇది యాదృచ్ఛికం అని నేననుకోవడం లేదు. మీ చెరువుల దగ్గర ఎవరినడిగినా చెబుతారు. రొయ్య రేటు బాగున్న రెండేళ్లు గుంట లీజుకు తీసుకున్నవాడు నాలుగు డబ్బులు చూస్తాడు. మూడో ఏడు అదే గుంటకు ఇంకో ముగ్గురు వస్తారు. ఎకరా లీజు లేస్తుంది, ఎక్కడిదాకా లేస్తుందంటే లీజుదారుడికి తన కష్టం గిట్టేదాకా. రొయ్య అదే సైజు, మేత అదే మేత, పట్టుబడి అదే పట్టుబడి. మిగులు మాత్రం గుంట యజమానికి పోతుంది. 2021లో మీరు చూసిన లాభం సాఫ్ట్‌వేర్ గొప్పతనంతో కొంత, లీజు ఇంకా లేవకపోవడంతో ఎక్కువ. మీకు గిట్టుబాటవుతోందంటే అదే మాటల మీద ఇంకొకరికీ గిట్టుబాటవుతుంది. ఆ సంగతి ఆరు నెలల్లో కాకపోతే రెండేళ్లలో వాళ్లకు తెలుస్తుంది.

అక్కడితో ఆగితే 32 దగ్గర ఆగాలి కదా. ఆగదు. ఎందుకంటే అందరి దగ్గరా ఒకటే లెక్క ఉండదు. మీకు ఒక షాపు ఐదేళ్లు ఉంటే వచ్చేది 6,000, మీద నాలుగు 1,500లు, మొత్తం 12,000. దేశమంతా అమ్మే పెద్ద బిల్లింగ్ కంపెనీ అదే షాపువాడికి ఏటా చందా, ఇంకో కంప్యూటరుకు అదనపు లైసెన్సు, జీతాల లెక్కలు, మొబైల్ యాప్, పేమెంట్ల మీద కమీషన్, ఇన్ని అమ్ముకోగలదు. ఐదేళ్లలో వాళ్లకు 30,000 వచ్చేట్టుంటే మొదటి ఏడాది నష్టమైనా క్లిక్కుకు 50 పెడతారు. పెట్టుబడిదారుల డబ్బుతో నడిచే కంపెనీ ఇంకా ఎక్కువే పెడుతుంది, ముందు మార్కెట్ పట్టు, లాభం తర్వాత చూద్దాం అని వాళ్లకు చెప్పి ఉంటారు కాబట్టి. ఈ వేలంలో మంచి సాఫ్ట్‌వేర్ ఎవరిది అనే ప్రశ్నకు చోటే లేదు. ఒక్క ఖాతాదారుడి మీద ఎవరు ఎక్కువ సంపాదిస్తారో వాళ్లదే బేలు. ఒకే సరుకు, ఒకే ధర, చిన్న జట్టు ఉన్నవాళ్లు కాలం గడిచేకొద్దీ ఆ వరసలో చివరికి నెట్టబడతారు. ఇందులో మీ చేతకానితనం లేదు. ఇది గట్టిగా చెప్పాలనే ఇంత రాస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరం నిండా ఎక్కడ తప్పు చేశానో అన్న బాధ ఉంది.

అమ్మేవాడి, అంటే గూగుల్ చేతిలోనూ కొన్ని మరలున్నాయి. 2016 ఫిబ్రవరిలో గూగుల్ కంప్యూటర్ తెర మీద కుడివైపు యాడ్లు ఎత్తేసి, పైన నాలుగు దాకా పెట్టింది. చవగ్గా దొరికే పక్క సీట్లు పోయాయి. ఇక ఫోన్‌లో అయితే పైన ఉంటేనే ఉన్నట్టు. 2024 ఆగస్టులో అమెరికా ఫెడరల్ జడ్జి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పులో, వెతుకులాటలోనూ దాని పక్కన వచ్చే టెక్స్ట్ యాడ్లలోనూ గూగుల్ ది గుత్తాధిపత్యమని, పోటీ భయం లేకుండా ఆ యాడ్ల ధరలు పెంచగలిగిందని తేల్చారు. నెల్లూరులో కూర్చుని మనం దాన్ని ఆపలేం. పెరిగిన ప్రతి రూపాయీ పోటీ వల్లే పెరిగిందని అనుకోకుండా ఉంటే చాలు.

ఇక రెండో జబ్బు, సరుకు పలచబడటం. మీరు పంపిన షీటు రెండు రాత్రులు కూర్చుని చదివాను. మీరు పెట్టిన కీవర్డు, అంటే ఏ మాట వెతికితే యాడ్ రావాలని మీరు చెప్పారో అది, 'ఫీడ్ షాప్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్'. మీకు డబ్బు పడ్డ మాటలు చూడండి: రొయ్యల మేత ధర ఈరోజు. ఫీడ్ షాపు లైసెన్సుకు ఏం కావాలి. బిల్లింగ్ ఉద్యోగాలు నెల్లూరు. ట్యాలీ కోర్సు ఫీజు. ఫ్రీ బిల్లింగ్ యాప్. ఇరవై మూడో వరసలో ఒకటుంది, 'కోళ్ల దాణా షాపు దగ్గరలో'. దానికి నాలుగు క్లిక్కులు, 118 రూపాయలు. ఎవరో పాపం కోళ్లకు దాణా కొనబోయి మీ యాడ్ నొక్కారు, నాలుగుసార్లు. షీటు చివర 'ఇతర మాటలు' అని ఒక పెద్ద మొత్తం కూడా ఉంది, అందులో ఏముందో కనపడదు. 2020 సెప్టెంబరు నుంచి తక్కువ మంది వెతికిన మాటలను గూగుల్ చూపించడం చాలావరకు మానేసింది. మీలాంటి చిన్న వ్యాపారానికి వచ్చేవన్నీ తక్కువ మంది వెతికే మాటలే.

మీరు అక్షరం మార్చకపోయినా ఇదెలా జరిగింది? ఒకప్పుడు కచ్చితమైన మాట పెడితే ఆ మాటకే యాడ్ వచ్చేది. 2014లో దగ్గరి రూపాలకు కూడా చూపించడం తప్పనిసరి చేశారు. 2017లో మాటల వరస మారినా సరే అన్నారు. 2018లో అర్థం ఒకటైతే చాలన్నారు. 2021లో, సరిగ్గా మీరు మొదలుపెట్టిన ఏడాది, ఇంకో రకం కీవర్డును తీసేసి 'ఫ్రేజ్' రకంలో, అంటే వెతికినదాంట్లో మీ మాట అర్థం ఉంటే చాలనే రకంలో, కలిపేశారు. అర్థం ఒకటా కాదా అని తేల్చేది మాత్రం వాళ్ల మిషన్. దానికి ఫీడ్ షాపు, దాణా షాపు ఒకటిగానే కనపడతాయి.

ఇంకోటి మీ సెట్టింగుల ఫోటోలో కనపడింది. సెర్చ్ యాడ్‌కు డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ పార్ట్‌నర్స్ రెండూ టిక్ పెట్టి ఉన్నాయి. మీరు పెట్టినవి కావు, మొదటి నుంచీ పెట్టి వస్తాయి. దానివల్ల మీ యాడ్ వెతికినవాళ్లకే కాక, ఇతర సైట్లలో, యాప్‌లలో, ఆటల మధ్యలో కూడా వెళుతుంది. మొన్న ఒంగోలు నుంచి కావలికి బస్సులో వస్తుంటే పక్క సీటులో నాలుగేళ్ల పాప వాళ్ల నాన్న ఫోన్‌లో కారు ఆట ఆడుతోంది. మధ్యలో ఏదో లోన్ యాడ్ వచ్చింది. మూసే గుర్తు గోరంత కూడా లేదు. పాప రెండుసార్లు నొక్కింది, రెండుసార్లూ యాడే తెరుచుకుంది. సింగరాయకొండ దాటేలోపు అలా ఐదు యాడ్లు తెరిచింది. ఎవరి ఖాతాలోనో ఆ ఐదు క్లిక్కులకూ డబ్బు పడే ఉంటుంది. మీ 580లో అలాంటి పాపలు ఎంతమందో లెక్క తీయండి, ఆ వివరం ఖాతాలో దొరుకుతుంది.

చోటు విషయంలో కూడా అంతే. 'ఈ జిల్లాల్లో ఉన్నవాళ్లు' అని మీరనుకున్నారు, సెట్టింగులో 'ఉన్నవాళ్లు లేదా వీటి మీద ఆసక్తి ఉన్నవాళ్లు' అని ఉంది.

మరో సంగతి కొంచెం చేదుగా ఉంటుంది. మీరు చెప్పిన ఆ ఇద్దరిలో ఒకరు మీ సాఫ్ట్‌వేర్ పేరే టైపు చేసి వచ్చారు, షీటులో ఉంది. పేరు తెలిసి వెతికిన మనిషి యాడ్ లేకపోయినా కింద వచ్చే మామూలు లింకు నొక్కి వచ్చేవాడే. 2012లో ఈబే కంపెనీ ఇదే పరీక్ష చేసింది. తన పేరు మీద పెట్టే యాడ్లు ఆపేస్తే, వచ్చేవాళ్లు దాదాపు అందరూ మామూలు లింకుల ద్వారా వచ్చేశారు. అది మహా పేరున్న కంపెనీ, మనకు అచ్చంగా అంతే జరుగుతుందని చెప్పను. కానీ మీ పేరు మీద వేరేవాళ్లు యాడ్ పెట్టకుండా ఉన్నంతకాలం అక్కడ డబ్బు పోయనక్కర్లేదు. అలా చూస్తే ఈ నెల యాడ్ నిజంగా తెచ్చిన అమ్మకం ఒక్కటే.

జీఎస్టీ ఒకటి మరిచిపోయారు. ఆ 18,000 మీద 18 శాతం, 3,240 పడుతుంది. మీ టర్నోవర్ 20 లక్షల లోపే కాబట్టి రిజిస్ట్రేషన్ తీసుకోలేదనుకుంటాను. తీసుకోకపోతే అది వెనక్కి రాదు. పన్ను కలిపితే అమ్మకానికి 10,620.

కొత్తలో ఏ యాడ్ అయినా బాగా పనిచేస్తుంది, ఇది ఈ వ్యాపారం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్‌లో మొదటి బ్యానర్ యాడ్లు పెట్టినప్పుడు ఒకదాన్ని చూసినవాళ్లలో 44 శాతం మంది నొక్కారని చెబుతారు. ఇప్పుడు బ్యానర్ యాడ్‌ను నూటికి ఒకరు నొక్కినా గొప్పే. మీ విషయంలో దీనికి ఇంకో కారణం తోడైంది. మన తీరం వెంట ఫీడ్ డీలర్లు లెక్కకు అందేంతమందే. అందులో సాఫ్ట్‌వేర్ కోసం తమంతట తాము వెతికేవాళ్లు మొదటి రెండేళ్లలోనే మీ దగ్గరికి వచ్చేశారు. మిగిలినవాళ్లు వెతకరు. గల్లాపెట్టె పక్కన ఎర్ర అట్ట ఖాతా పుస్తకం పెట్టుకుని, గుమస్తాను నమ్ముకుని నడుపుతున్నారు. వాళ్ల దగ్గరికి గూగుల్ వెళ్లలేదు, మీరు వెళ్లగలరు.

ఇక ఏం చేయాలి. యాడ్ పూర్తిగా తీసేయమనను. డిస్‌ప్లే, పార్ట్‌నర్స్ టిక్కులు తీసేయండి. చోటు దగ్గర 'ఉన్నవాళ్లు' మాత్రమే ఉంచండి. గూగుల్ ఇచ్చే సూచనలు వాటంతటవే అమలయ్యే సెట్టింగు ఆపేయండి. కీవర్డులు చదరపు బ్రాకెట్లలో పెట్టి (అది కచ్చితమైన మాట రకం) ఆరేడుకు కుదించండి. ఉద్యోగాలు, కోర్సు, ఫ్రీ, క్రాక్, ధర ఈరోజు, దాణా, కోళ్లు, లైసెన్సు, ఇలాంటివన్నీ వద్దనే మాటల్లో చేర్చండి, వారానికోసారి షీటు చూసి ఇంకొన్ని కలపండి. క్లిక్ ధర మీరే చేత్తో పెట్టే పద్ధతికి మారి 13 రూపాయలు పెట్టండి. ఈ 13 ఊరికే రాలేదు, ఇప్పుడు మీకు 290 క్లిక్కులకు ఒక అమ్మకం, 4,000ను 290తో భాగిస్తే 14కు కాస్త తక్కువ. ఆ రేటుకు క్లిక్కులు చాలా తగ్గిపోతాయి. తగ్గనివ్వండి. సరుకు బాగుపడి 200 క్లిక్కులకు ఒక అమ్మకం వస్తే అప్పుడు 20కి పెంచండి. రేటు ఎప్పుడూ మీ లెక్కలోంచి రావాలి, వాళ్లు సూచించిన అంకెలోంచి రాకూడదు. రోజువారీ బడ్జెట్ పెట్టినా ఏ ఒక్క రోజైనా దానికి రెండింతల దాకా ఖర్చు పెట్టే హక్కు వాళ్లకుంది, నెల మొత్తంలో సర్దుతారు, అది చూసి కంగారుపడకండి. తెలుగు లిపిలో కూడా కీవర్డులు పెట్టి చూడండి, ఫోన్‌లో మాట్లాడి వెతికే షాపువాళ్లు తెలుగులోనే అడుగుతారు, అక్కడ వేలం పాడేవాళ్లు తక్కువ.

నెలకు 4,000 దాటనివ్వకండి. మిగిలిన 14,000 ఎక్కడ పెట్టాలో చెప్పడానికి నా సంగతి ఒకటి చెబుతాను.

2009 నుంచి నేను ఒంగోలులో మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మాను. నాకూ మీలాగే మొదటి నాలుగేళ్లు యాడ్ అన్నం పెట్టింది, తర్వాత మానేసింది. మానేశాక కూడా ఎనిమిది నెలలు డబ్బు పోశాను, ఆపితే షాపు షట్టర్ దించినట్టు అనిపించేది. ఆ డబ్బు మా అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచింది. మీ గాజుల మాట చదివినప్పుడు చెయ్యి ఆగిపోయింది అందుకే. ఆ రోజుల్లో గాంధీ రోడ్డు దగ్గర మేడ మీద ఒక ఆడిటర్ గారి ఆఫీసుకు వేరే పని మీద వెళ్లాను. అప్పుడింకా వ్యాట్. అక్కడ పనిచేసే అమ్మాయి ఒక చేతి వేలు మందుల షాపు బిల్లు మీద పెట్టి, రెండో చేత్తో ఒక్కో అంకె టైపు చేస్తోంది. పక్కన బిల్లుల కట్టలు రబ్బరుబ్యాండ్లతో మోకాలెత్తు ఉన్నాయి. అందులో మూడు కట్టలు నా సాఫ్ట్‌వేర్ లోంచి వచ్చిన బిల్లులే. 'సార్, ఇది మీదే కదా, నాకు కావలసిన వరసలో ఒక ఫైల్ ఇచ్చేట్టు చేయకూడదా' అంది. రెండు సాయంత్రాల పని. చేసిచ్చాను. ఆ ఏడాది ఆ ఒక్క ఆఫీసు నుంచి పదకొండు షాపులు వచ్చాయి. ఆ అమ్మాయి ఎవరికీ నా సాఫ్ట్‌వేర్ పొగడలేదు. 'ఇది వాడితే మీ రిటర్ను త్వరగా అవుతుంది' అనేది, అంతే.

మీ ఫీడ్ డీలర్లందరికీ నెల్లూరులోనో కావలిలోనో ఒక ఆడిటర్ ఉంటారు. మీ 310 షాపుల జాబితా తీసి ఒక్కొక్కరినీ 'మీ రిటర్నులు ఎవరు వేస్తారు' అని అడగండి. నాకు తెలిసి పదిహేను, ఇరవై ఆఫీసులకు తేలుతుంది. ఆ ఆఫీసుల్లో పెద్దాయనను కాదు, టైపు చేసేవాళ్లను కలవండి, వాళ్లకు ఏ ఫైల్ ఏ వరసలో కావాలో అడిగి చేసివ్వండి. అక్కణ్ణుంచి వచ్చే ఖాతాదారుడికి వేలం లేదు, మీ కింద నిలబడి రేటు పెంచేవాడూ లేడు. పెద్ద కంపెనీ నెల్లూరు మేడ మెట్లు ఎక్కి ఆ పని చేయదు, వాళ్లకు గిట్టదు. 14,000లో పెట్రోలు, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, అటు కొత్తపట్నం దాకా డీలర్ల దగ్గరికి వెళ్లిరావడం, ఒక షాపు ఇంకో షాపును తెస్తే వాళ్ల ఏడాది చందాలో 500 తగ్గించడం, ఇవన్నీ వస్తాయి. పట్టుబడి రోజుల్లో మాత్రం వెళ్లకండి, డీలరు బాకీ వసూళ్ల మీద ఉంటాడు, మీ ముఖం కూడా చూడడు.

రెండోది ఏటా వచ్చే 1,500. ఐదేళ్ల అరువు ఖాతాలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న డీలరు 900 పెరిగిందని పారిపోడు, మీరు పనిచేసిపెడితే. రైతు బాకీ చీటీ తెలుగులో వాట్సాప్‌కు వెళ్లే ఏర్పాటు చేసి, ముందుగా చెప్పి, 2,400 చేయండి. 310 షాపుల మీద ఏడాదికి 2,79,000 పెరుగుతుంది. మీ ఏడాది యాడ్ ఖర్చు 2,16,000. ముప్పై షాపులు అలిగి మానేసినా ఇప్పటికంటే 2,07,000 ఎక్కువే వస్తుంది. వేలంలో మీరు ఓడిపోతున్నది ఒక్కో షాపు మీద తక్కువ సంపాదిస్తున్నందుకే అని పైన చెప్పుకున్నాం కదా, దానికి ఇదీ మందు.

ఇవి మొదలుపెట్టే ముందు ఒక మూడు వారాలు యాడ్ మొత్తం ఆపి చూడండి. ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ 'మా గురించి ఎలా తెలిసింది' అని అడిగి ఒక నోటుబుక్కులో రాయండి. ఆ మూడు వారాల్లో ఎన్ని అమ్మకాలు ఆగాయో అదే యాడ్ అసలు విలువ, తెర మీద వాళ్లు చూపించే అంకె కన్నా నేను దాన్నే నమ్ముతాను.

మీ బావమరిది మాట మిగిలింది. ధర 3,000 చేస్తే, ఇన్‌స్టాల్‌కూ ఫోన్లకూ పోయే 2,000 అలాగే ఉంటుంది, మిగిలేది 1,000. దాన్ని 290తో భాగిస్తే మీరు క్లిక్కుకు ఇవ్వగలిగింది మూడున్నర రూపాయలు కూడా కాదు. 31 నడుస్తున్న వేలంలో మూడున్నర పట్టుకుని నిలబడాలి. ఈ లెక్క ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద వేయండి, కోప్పడకుండా. ఆడిటర్ల ఆఫీసుల జాబితా ఆయన చేతే తీయించండి. జాబితా తయారయ్యాక, మూడు వారాల నోటుబుక్కుతో కలిపి నాకు పంపితే ఏ ఆఫీసుతో మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి చూద్దాం.